పగలని సీసాలు

ప్రతి ఏడాదీ నవంబరు చివర్లో ఎవరో ఒకరు నా ఇంటి తలుపు తడతారు. పత్రికవాళ్ళో రేడియోవాళ్ళో. రష్యాతో యుద్ధం మొదలైన తేదీ దగ్గర పడేసరికి వాళ్ళకి మేము గుర్తొస్తాం. బూట్లు గుమ్మంలో విప్పి, నా కాఫీ తాగి, నా బన్ను తిని, చివరికి అందరూ అదే ప్రశ్న అడుగుతారు.

"మామ్మగారూ, ఆ సీసాకి ఆ పేరు ఎలా వచ్చింది?"

చెప్తాను. మా ఇళ్ళ మీద బాంబులు పడుతుంటే రష్యా మంత్రి మొలొటోవ్‌గారు అవి బాంబులు కావన్నాడు. ఫిన్లాండులో జనం ఆకలితో ఉన్నారు కనక రొట్టెలు పడేస్తున్నామన్నాడు. అందుకని మావాళ్ళు ఆ బాంబులకి మొలొటోవ్ రొట్టెల బుట్టలని పేరు పెట్టారు. రొట్టె పెట్టినవాడికి తాగడానికి ఏమైనా పొయ్యకపోతే మర్యాద కాదు కదా! టాంకుల మీదికి విసిరే మంట సీసాకి మొలొటోవ్ కాక్‌టైల్ అన్నారు. వచ్చినవాళ్ళు నవ్వుతారు, రాసుకుంటారు, వెళ్ళిపోతారు.

నవ్వొచ్చే మాటే, కాదనను. ఆ సీసాలు నింపిన ఆడవాళ్ళం తొంభై మందికి పైగా ఉన్నామని కూడా వాళ్ళు రాస్తారు. ఆ లెక్కలో సైమి ఉండదు. సైమి పేరు నేను చెప్పినా రాసుకోరు. రాసుకుంటే ఆ ముచ్చటైన కథ పాడైపోతుంది. ఆమె పోయి ఏడాది అయింది. ఇంకా దాచి ఎవరిని కాపాడాలి? నన్నేగా! నన్ను కాపాడింది చాలు.

సైమి నాకన్నా ఏడేళ్ళు పెద్దది. ఎముకలు కనిపించేంత సన్నంగా, పొడుగ్గా ఉండేది. వాళ్ళ నాన్న ఎర్రవాడు. పంతొమ్మిది వందల పద్దెనిమిదిలో, కూలీల పక్షం ఎర్రవాళ్ళూ ఆస్తిపరుల పక్షం తెల్లవాళ్ళూ అని చీలి, మాలో మేమే కొట్టుకు చచ్చినప్పుడు ఓడిన పక్షాన ఉన్నాడు. ఖైదీల శిబిరంలో ఆ వేసవిలోనే ఆకలికి పోయాడు. ఆయన పోయాక రెండు నెలలకి ఆర్వి పుట్టాడు. పదకొండేళ్ళు పోయాక తల్లికి క్షయ. పోయే ముందు సైమి చెయ్యి పట్టుకుని ఒకే మాట అందట. "వీడు నీ కొడుకే ఇంక. వీణ్ణి మాత్రం నాకు మల్లే మట్టిలో పెట్టకు."

అప్పటికి సైమికి ఇరవై ఒకటి. పెళ్ళి చూపులు చూసే వయసు. ఆ మాటతో ఆ ముచ్చట కట్టి అటక మీద పెట్టేసింది. ఇళ్ళలో బట్టలు ఉతికింది. తర్వాత మద్యనిషేధం ఎత్తేసిన ఏడాది మా ఊరి సారాయి ఫ్యాక్టరీలో చేరింది. ఎర్రవాడి కూతురని ముందు వద్దన్నారు. తర్వాత ఆ చేతుల పని చూసి నోరు మూసుకున్నారు.

ఆ చేతుల సంగతి చెప్పాలి. సారాయి ఫ్యాక్టరీలో పెద్ద పాపం ఒకటే, సీసా పగలగొట్టడం. లోపలున్నది ఎటూ సర్కారు సొత్తే. సీసా పగిలితే మా మేస్త్రి లిండ్‌రూస్ ఇంట్లో పీనుగ లేచినట్టు కేకలు వేసేవాడు. సీసా పట్టుకోగానే గోటితో మీటి వినడం, అడుగు తడిమి చూడడం, వెలుతురుకి ఎత్తి బీటలు వెతకడం మాకు రోజూ వంట చేసుకున్నంత అలవాటు. పలచటి గాజు దొరికితే పక్కన పెట్టేసేవాళ్ళం. సైమి సీసాని చూడనక్కర్లేదు, ముట్టుకుంటే చాలు. ఏడేళ్ళలో ఆమె బల్ల మీంచి వెళ్ళిన సీసా ఒక్కటి కూడా దారిలో పగల్లేదని పేరు.

"అదృష్టం కాదే రౌహా, బుద్ధి. బలమైనది ఏదో, బలహీనమైనది ఏదో తెలిస్తే చాలు. మనుషులకీ అంతే," అనేది నాతో. నేను ఆమె పక్క బల్ల.

ముప్పై తొమ్మిది డిసెంబరులో ఆ బల్లల మీదనే మంట సీసాలు మొదలయ్యాయి. తెల్లటి సారాయి పోయి నల్లటి జిడ్డు ద్రవం వచ్చింది. మూత బిగించి, సీసాకి అటొకటి ఇటొకటి పెద్ద అగ్గిపుల్లలు కట్టేవాళ్ళం. తారు వాసన తలకి పట్టి, ఆదివారం ఆవిరి స్నానానికి వెళ్ళినా వదిలేది కాదు. చేతులు నల్లగా పగిలిపోయాయి. పైన విమానాల చప్పుడు వస్తే అడవిలోకి పరుగెత్తి మంచులో పడుకోవడం, మళ్ళీ వచ్చి నింపడం. ఆ వరసలో ఎవరి నాన్న ఎర్రవాడో ఎవరి నాన్న తెల్లవాడో ఎవరూ అడగలేదు. దేశమంతా ఒక్కటైంది అని పేపర్లు రాశాయి. మేమూ నమ్మాం. అవసరం ఉన్నన్నాళ్ళూ అందరూ చుట్టాలే.

ఆర్వి కరేలియా సరిహద్దులో ఉన్నాడు. అన్నపానాల్లేకుండా మంచు గుంటలో కాచుకుని, టాంకు పక్కగా పోతుంటే లేచి సీసా విసరడం వాడి పని. ఇరవై ఒక్కేళ్ళు. పాలు పితకడం, అకార్డియన్ వాయించడం తప్ప ఏమీ రాని పిల్లాడు. జనవరిలో వాడి ఉత్తరం వచ్చింది. సైమి మధ్యాహ్నం భోజనాల దగ్గర నాకు చదివి వినిపించింది.

"అక్కా, మాకు వస్తున్న సీసాల్లో సగం దారిలోనే పగిలి వస్తున్నాయి. మంచు మీద లాగే స్లెడ్జి బండిలో గడ్డి అంతా తడిసి ముద్దవుతోంది. మొన్న ఒక బండి నిప్పంటుకుని గుర్రంతో సహా పోయింది. మొన్న మా ఎనిమిది మందికి మూడు సీసాలు మిగిలాయి. మీ ఫ్యాక్టరీలో మంచి సీసాలే లేవా? నీ చేత్తో నింపినవి పంపవే."

"విన్నావా? నా తమ్ముడు పగిలిన సీసాల కోసం చావాలా?" అంది సైమి.

"పేరు రాసి పంపడం కుదరదే. తెలిస్తే మేస్త్రి చంపుతాడు."

"చంపనీ. ఆర్విని చంపకుండా ఉంటే చాలు."

పాత గిడ్డంగి వెనకాల ఒక చీకటి కొట్టు ఉండేది. నిషేధం రాకముందు పొంగే ద్రాక్ష సారా పోసే సీసాలు అందులో ఇరవై ఏళ్ళుగా పడి ఉన్నాయి. ముదురాకుపచ్చ రంగు, అడుగు లోపలికి గుంటపడి, బొటనవేలంత మందం గాజు. లోపలి పొంగుకి పగలకూడదని అలా పోసేవారట. సైమి ఒక సీసాని ఎత్తి గోటితో మీటింది. నేల మీద నిలబెట్టి కాలితో తన్నింది. అది దొర్లుకుంటూ గోడకి కొట్టుకుని ఆగింది, బీట కూడా పడలేదు.

ఆమె మొహం వెలిగిపోవడం నేను చూశాను. నా మొహమూ వెలిగే ఉంటుంది. మాకది దొరికిన నిధిలా తోచింది. ఏ ఇంజనీరైనా, పొలం దున్నుకునే ఏ రైతైనా ఆగి ఆలోచించేవాడేమో. మేము ఆలోచించలేదు. సీసా అంటే పగలకూడనిది. పగలకపోవడమే దానికి ప్రాణం. ఏళ్ళ తరబడి మా చేతులకి నేర్పింది అదే.

రెండు పెట్టెల సీసాలు మేమిద్దరమే నింపాం. గడ్డి నేను చుట్టాను. పేపరు కూడా చుట్టాను. ఈ మాట ఇక్కడ ఒత్తి చెప్తున్నాను. ఆ వైపు వెళ్ళే లారీ నడిపే ముసలాయన సైమి నాన్నకి స్నేహితుడు. "ఇవి ఆర్వి బెటాలియన్ కే దించుతాను, నా మాట," అని తీసుకెళ్ళాడు.

పన్నెండు రోజులకి కార్డు వచ్చింది. "అక్కా, నువ్వు పంపినవి అన్నీ చేరాయి. ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. నీ చేతులు బంగారం." సైమి ఆ కార్డుని రవికలో పెట్టుకుని తిరిగింది. ఆ వారం ఆమె పని చేస్తూ పాడడం విన్నాను. ముందెప్పుడూ వినలేదు, తర్వాత మరి వినలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ రెండు పెట్టెలూ చెక్కుచెదరకుండా చేరాయని సైన్యం డిపో నుంచి మేస్త్రికి కాగితం వచ్చింది. ఎవరికని పంపామో తెలియకపోయినా ఏ సీసాలో, ఎవరి చేతి పనో తెలిసిపోయింది. లిండ్‌రూస్ కేకలు వేస్తాడేమో అనుకున్నాం. ఆయన సైమి భుజం తట్టాడు. ఏడేళ్ళలో మొదటిసారి.

"ఇంత బుద్ధి ఉన్నదానివి నాకు ముందే చెప్పొద్దూ? ఆ కొట్టులో ఎన్ని ఉన్నాయి?"

"నాలుగు వేలు ఉంటాయి మేస్త్రీ."

"అన్నీ నింపండి. ఇకనుంచి ఆ పని నీ చేతి కింద."

అలా మొదలైంది. మొదటి వెయ్యీ నింపి పెట్టెల్లో పెట్టి స్టేషన్‌కి పంపాం. అంతలో ఫిబ్రవరి మొదటి వారంలో ఆర్వి వచ్చాడు, పెట్టెలో.

మా దేశంలో యుద్ధంలో పోయినవాణ్ణి ఎక్కడ పడితే అక్కడ పాతిపెట్టం. సొంత ఊరి చర్చి మట్టికి తెచ్చి అప్పగిస్తాం. గడ్డకట్టిన నేలని పొద్దున్నించీ మంట వేసి కరిగించి తవ్వారు. పాస్టరుగారు దేశం గురించి చక్కగా మాట్లాడాడు. తర్వాత సైమి ఇంట్లో చావు కాఫీ. నిజం కాఫీ గింజలు ఎక్కడివి, వేయించిన రై ధాన్యం పొడే. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళు తాగి వెళ్ళిపోయారు. నేనూ సైమీ, ఆర్వి శవపేటికతో వచ్చిన తావెత్తి అనే కుర్రాడూ మిగిలాం. వాడి ఎడమ చెయ్యి మెడకి కట్టి ఉంది. ఆర్వి పక్క గుంటలో ఉన్నవాడు.

వాడు మంచివాడు. ఆ మాట ముందే చెప్పాలి. అక్కకి ఊరట కలుగుతుందని చెప్పాడు.

"వాడు భయపళ్ళేదక్కా. టాంకు ఆరు అడుగుల దూరానికి వచ్చేదాకా లేవలేదు. లేచి విసిరాడు. సరిగ్గా ఇంజను మీద పడింది. నేను కళ్ళారా చూశా."

"కాలిందా?" అంది సైమి.

"అదేనక్కా, పగల్లేదు. రాయి పడ్డట్టు టంగుమని ఎగిరి మంచులో పడింది. రెండోది విసిరాడు. అదీ అంతే. లోపలున్న రష్యావోడు నవ్వుకునుంటాడు. మూడోది చేత్తో పట్టుకుని దగ్గరికెళ్ళి ఆ ఇనుముకేసి బాదాడు, పగలగొడదామని. అప్పటికి టాంకు తిరిగింది."

సైమి కాఫీ కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది.

"మామూలు సీసాలైతే కోడిగుడ్డులా పగిలేవి," అన్నాడు తావెత్తి. "ఇవేవో కొత్త రకం అక్కా. ఆకుపచ్చవి. దారిలో ఒక్కటీ పగల్లేదని మావోళ్ళంతా ఆ పంపినోళ్ళకి దణ్ణం పెట్టుకున్నారు. ఏం లాభం? ఆ నింపినోడికి బుర్ర లేదా అని."

నేను సైమి వైపు చూడలేకపోయాను. బల్ల మీద గుడ్డ అంచు చూస్తూ కూచున్నాను. కప్పులోకి కాఫీ పోసిన చప్పుడు విన్నాను. ఒక్క చుక్క ఒలకలేదు.

"ఇంకో రొట్టె ముక్క తీసుకో నాయనా, దూరం వెళ్ళాలి," అంది సైమి.

వాడు వెళ్ళిన తర్వాత కూడా ఆమె ఏడవలేదు. కప్పులు కడిగింది. నేను తుడిచాను. "సైమీ, మనకి తెలీదుగా," అన్నాను.

"మనకి కాదు. నాకు," అంది. "నువ్వు ఇంటికెళ్ళు."

మర్నాడు ఆమె బల్ల దగ్గరికి రాకుండా తిన్నగా లిండ్‌రూస్ గదికి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. నాకు అంతా వినిపించింది.

"ఆ ఆకుపచ్చ సీసాలు ఆపండి మేస్త్రీ. అవి పగలవు."

"పగలకపోవడమే గదమ్మా మనకి కావలసింది?"

"టాంకు మీద పడినా పగలవు. ఎగిరి పడుతున్నాయి. వెళ్ళిన వెయ్యీ వెనక్కి తెప్పించండి."

"ఎవరు చెప్పారు నీకు?"

 తావెత్తి పేరు చెప్తే వాడి గతి ఏమిటో సైమికి తెలుసు. ఆయుధం పని చెయ్యదని ఊళ్ళో చెప్పిన సిపాయిని ఊరికే వదలరు. ఆర్వి పేరు చెప్పాలంటే ఆ రెండు పెట్టెలూ ఎవరికి పంపిందో చెప్పాలి. ఆ మాట ఆమె గొంతు దాటి రాదు.

"విన్నాను," అంది.

"విన్నావా? ఏ రేడియోలో విన్నావు? మాస్కో రేడియోలోనా?" లిండ్‌రూస్ గొంతు తగ్గించలేదు. వరసలో అందరికీ వినిపించాలనే. "నిన్న తమ్ముణ్ణి మట్టి చేశావు, అందుకని ఊరుకుంటున్నా. పోయి పని చూసుకో. మీ నాన్న పోలికలు ఎక్కడికి పోతాయి!"

దేశమంతా ఒక్కటైందన్న మాట అక్కడితో సరి.

ఆ మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. అందరం ఉప్పు చేపా ఉడికిన బంగాళాదుంపలూ తింటుంటే పాత గిడ్డంగి వైపు నుంచి చప్పుడు మొదలైంది. బాంబు కాదు. ఆగకుండా, ఒకే వరసలో, గాజు చప్పుడు. పరుగెత్తాం. సైమి రైలు పట్టా ముక్క ఒకటి రెండు చేతులా పట్టుకుని ఖాళీ సీసాలని కొడుతోంది. ఒక్కొక్కటీ మూడు దెబ్బలకి గాని పగలడం లేదు. చేతుల నించి, బుగ్గ మీంచి రక్తం కారుతోంది. మోకాళ్ళ దాకా ఆకుపచ్చ గాజు. మేము చూస్తుండగానే ఇంకా కొట్టింది. ఏడేళ్ళు సీసా జారనివ్వని మనిషి. కొందరు ఆడవాళ్ళు అది చూసి ఏడ్చారు. తమ్ముడు పోయి పిచ్చెక్కింది పాపం అన్నారు. ఇద్దరు కాపలావాళ్ళు పట్టుకుంటే గాని ఆగలేదు.

పిచ్చి అని వదిలేసినా బాగుండేది. కుక్కని చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలంటారు. మనిషిని చంపాలంటే ఆ పేరు చాలదు, ద్రోహి అనాలి. కాగితం మీద మూడు వేల సీసాలు, యుద్ధ సామగ్రి, ఎర్రవాడి కూతురు. ఆరు రోజుల్లో విచారణ పెట్టారు. పక్క పట్నంలో స్కూలు గదిలో ముగ్గురు అధికారులు కూచున్నారు. గోడ మీద పిల్లలు గీసిన పక్షుల బొమ్మలు ఇంకా ఉన్నాయి.

లిండ్‌రూస్ చెప్పాల్సింది చెప్పాడు. పనివాళ్ళ గుండె జారిపోయేలా శత్రువు మాటలు మాట్లాడిందన్నాడు. సైమిని అడిగారు. "పగలగొట్టింది నేనే," అంది. ఎందుకు అన్నారు. మాట్లాడలేదు. మళ్ళీ అడిగారు. మళ్ళీ మాట్లాడలేదు.

తర్వాత నన్ను పిలిచారు. పక్క బల్ల కనక. బైబిలు మీద చెయ్యి పెట్టించారు.

"ఈమె ఎందుకిలా చేసిందో నీకు ఏమైనా తెలుసా?"

సైమి తల ఎత్తి నా వైపు చూసింది. తిన్నగా, రెప్ప వెయ్యకుండా చూసింది. నేను ఆ చూపులో ఒక మాట చదువుకున్నాను. చెప్పకు అంటోంది అనుకున్నాను. తమ్ముణ్ణి నా చేత్తో చంపుకున్నానని లోకానికి చెప్పొద్దంటోంది, ద్రోహి అన్న పేరే నయం అంటోంది అనుకున్నాను. నాలో భయం కూడా ఉంది. గడ్డి చుట్టింది నేను. చెప్తే పక్క కుర్చీ నాకే వేస్తారు. కాని ఆ భయం సంగతి నాకు నేను చెప్పుకోలేదు. స్నేహితురాలి మాట నిలబెడుతున్నాను అని చెప్పుకున్నాను.

"తెలీదండీ," అన్నాను.

ఎనిమిది నెలలు వేశారు. అదృష్టమే అన్నారు అందరూ, కాల్చేవాళ్ళు కూడా ఉన్నారు కనక.

నెల తిరక్కుండానే సంధి అయింది. కరేలియా రష్యాకి పోయింది. అక్కడి జనం గుర్రాల మీద, కాలి నడకన మా ఊళ్ళ మీద పడ్డారు. మాకు, సీసాలు నింపిన ఆడవాళ్ళకి, కంచు పతకాలు ఇచ్చారు. నాకూ ఇచ్చారు. తీసుకున్నాను. చేతులు కడుక్కుని మరీ వెళ్ళి తీసుకున్నాను.

అక్టోబరులో సైమి వచ్చింది. ఫ్యాక్టరీ మళ్ళీ పెట్టుకోలేదు, ఎవరూ పెట్టుకోలేదు. ఊరి చివర ఒక రైతు దగ్గర దుంపలు తవ్వడానికి కుదిరింది. నేను చేను దగ్గరికి వెళ్ళాను. మా అమ్మ చేసిన బన్నులు పట్టుకెళ్ళాను.

"నీ మాట నిలబెట్టా సైమీ. నువ్వు చెప్పొద్దన్నావని ఒక్క ముక్క బయటపెట్టలేదు," అన్నాను.

దుంప మీద మట్టి దులుపుతూ నన్ను చాలాసేపు చూసింది. "మంచిది," అంది. బన్నులు తీసుకుంది.

తర్వాత నలభై ఏళ్ళు అదే ఊళ్ళో ఉన్నాం. ఆమె ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు ఉతికి ఉతికి ముసలిదైంది. పెళ్ళి చేసుకోలేదు. ఊరివాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళకి ఆమెని చూపించి, గొంతు తగ్గించి, ద్రోహం చేసింది అని చెప్పేవాళ్ళు. నా ముందే చెప్పేవాళ్ళు. నేను కాఫీ కలుపుకుంటూ వినేదాన్ని. ఆర్వి సమాధి మీద పూలు పెట్టడానికి ఆమె క్రిస్మసు ముందు రోజు మాత్రం వచ్చేది కాదు. ఆ రోజు ఊరంతా అక్కడ కొవ్వొత్తులు వెలిగిస్తారు. మర్నాడు వచ్చి, ఊరివాళ్ళు వెలిగించినవన్నీ ఆరిపోయాక, తనది ఒకటి వెలిగించి పోయేది.

పోయిన ఏడాది చలికాలంలో ఆమె ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆసుపత్రికి వెళ్ళాను. మనిషి అట్టముక్కలా ఉంది. గొంతు మాత్రం అదే.

"రౌహా, ఆ రోజు స్కూల్లో నీకేసి చూశా. గుర్తుందా?"

"మర్చిపోతానా? చెప్పొద్దన్నావు."

"చెప్పొద్దనలేదే. చెప్పమని చూశా." కళ్ళు మూసుకుంది. "నా నోటితో రాదు ఆ మాట. ఎన్నిసార్లో అనబోయా. 'నా తమ్ముడికి నేనే పంపా' అన్న ముక్క గొంతులోనే ఆగిపోయేది. నువ్వు చెప్తావనుకున్నా. పక్కనే ఉన్నదానివి, గడ్డి చుట్టినదానివి. నీ నోట్లోంచి ఒచ్చినా చాలు, వాళ్ళు వింటారనుకున్నా. తెల్లవాళ్ళ పిల్లవి, నీ మాట వింటారు."

 నలభై ఏళ్ళు దేన్ని స్నేహమనుకుని మోశానో అది నా కాళ్ళ మీద పడింది.

"మరి అప్పుడే ఎందుకు తిట్టలేదే? దుంపల చేలో నిలబడి మంచిది అన్నావే!"

"ఏం తిట్టను? నేను అరవొచ్చుగా? నేనూ అరవలేదు." చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది. "విచారణకని నన్ను రైలెక్కించిన రోజు చూశానే. మన స్టేషన్లో, గూడ్సు షెడ్డు దగ్గర. సరిహద్దు దారిలో పట్టాలు బాంబులకి పోయి, వారం నించీ బండ్లు కదల్లేదంట. మన పెట్టెలు. నీ చేత్తో చుట్టిన గడ్డి బయటికి కనిపిస్తోంది. వెయ్యీ అప్పటికీ అక్కడే ఉన్నాయి రౌహా, ఎవరో ఒకరం ఒక్క మాటంటే ఆగేవి. ఇంకా వెళ్ళలేదు."